స్ట్రాంగ్ హైబ్రిడ్ మైలేజీ: సిటీలో ఎంత, హైవేలో ఎంత?

ప్రశ్న:
నమస్కారమండీ. పదేళ్ల నాటి పెట్రోలు కారు మార్చాలనుకుంటున్నాను. కూకట్‌పల్లి నుంచి ఆఫీసుకు రానూపోనూ రోజుకు నలభై కిలోమీటర్లు, నెలకొకసారి విజయవాడ ప్రయాణం. మారుతి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్‌తోనూ, అవసరమైతే కరెంటు మోటారుతో మాత్రమే కూడా నడిచే రకం) లీటరుకు 27.97 కిలోమీటర్లు ఇస్తుందని కంపెనీ లెక్క. అదే బండిలో మైల్డ్ హైబ్రిడ్ (మోటారు ఇంజిన్‌కు కాస్త సాయం మాత్రమే చేసే రకం) మాన్యువల్‌కు 21.11. ఈ తేడా బ్యాటరీదా, ఇంజిన్‌దా?

సమాధానం 1:
రెండింటిదీనండీ. అందులోని 1.5 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజిన్ అట్కిన్సన్ సైకిల్ మీద నడుస్తుంది. ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకోవడం వల్ల పీల్చుకున్న గాలిలో కొంత వెనక్కి పోతుంది; దాంతో గాలిని నొక్కే దూరం కంటే మండిన వాయువు పిస్టన్‌ను తోసే దూరం ఎక్కువై, సైలెన్సర్ దారిన వృథాగా పోయే శక్తి తగ్గుతుంది. ఇలాంటి ఇంజిన్‌కు తక్కువ వేగంలో పికప్ తక్కువ, ఆ లోటును మోటారు పూడుస్తుంది. బ్యాటరీ 0.76 కిలోవాట్ అవర్లదే కాబట్టి దానితోనే ఊరు దాటలేం. బ్రేకు వేసినప్పుడు వేడిగా పోవలసిన శక్తిని దాచి, బండి మళ్లీ కదిలేటప్పుడు ఇవ్వడమే దాని పని.

సమాధానం 2:
రెండేళ్లుగా అలాంటి బండే నడుపుతున్నాను. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర వాహనాలు అంగుళం అంగుళం కదిలేటప్పుడు ఇంజిన్ చాలాసేపు ఆగే ఉంటుంది, బండి కరెంటు మోటారుతోనే నడుస్తోందని చెప్పే ఈవీ దీపం డాష్‌బోర్డు మీద వెలుగుతుంటుంది. ఒకే బంకులో ట్యాంకు నింపించి చూసుకుంటే నాకు సిటీలో 21 వస్తోంది. విజయవాడ దారిలో వంద దాటి నడిపితే 18కి పడిపోయింది, ఎందుకంటే అక్కడ బ్రేకు అవసరం తక్కువ, బండిని వెనక్కి నెట్టే గాలి నిరోధం ఎక్కువ. మన దేశంలో మైలేజీ పరీక్షలో గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లే అని గుర్తుంచుకోండి.

సమాధానం 3:
మీరు వారంలో అయిదు రోజులూ హైవే మీదే తిరిగేవారైతే డీజిలే చూడమనేవాడిని. డీజిల్ ఇంజిన్‌లో గాలిని గొంతు నొక్కి ఆపే థ్రాటిల్‌తో పని ఉండదు, కంప్రెషన్ ఎక్కువ, పైగా లీటరు డీజిల్‌లో పెట్రోలు కంటే శక్తి సుమారు పది శాతం ఎక్కువ. మీకు మాత్రం నెలకు వెయ్యి కిలోమీటర్లు సిటీలోనే. మామూలు పెట్రోలు బండి 13, హైబ్రిడ్ 21 ఇస్తాయనుకుంటే నెలకు 29 లీటర్లు, అంటే లీటరు 107 రూపాయలనుకుంటే మూడు వేల పైచిలుకు మిగులుతుంది. షోరూములో చెప్పే ధరల తేడాను దానితో భాగించి ఎన్ని నెలలో చూసుకోండి. విజయవాడ ప్రయాణాన్ని మాత్రం ఆ లెక్కలో కలపకండి.