అపార్ట్‌మెంట్ అల్లిక బృందం: కొత్తవాళ్లు నిలబడాలన్నా, కలిసి ఒక దుప్పటి అల్లాలన్నా ఎలా?

నిజాంపేట_ఊలు

నమస్కారమండీ. హైదరాబాద్ నిజాంపేటలో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ప్రతి శనివారం సాయంత్రం అల్లికల బృందం కూర్చుంటుంది. మొత్తం పదిహేను మంది. నలుగురికి స్వెట్టర్ అల్లేంత పని వచ్చు. ఐదుగురు క్రోషే (కొక్కెం ఉన్న ఒక్క సూదితో అల్లిక) మాత్రమే చేస్తారు. మిగతావాళ్లు ఇప్పుడిప్పుడే సూదులు పట్టారు, వాళ్లలో రిటైరైన మాస్టారు ఒకాయన కూడా ఉన్నారు.

ఇబ్బందులు ఇవీ. కొత్తవాళ్లు రెండు మూడు వారాలకే మానేస్తున్నారు. 20 కుట్లతో మొదలైన పట్టీ పది వరసలు దాటేసరికి 27 కుట్లవుతోంది. ఎక్కడ తప్పిందో వాళ్లకు కనబడదు, విప్పి విప్పి విసుగొస్తోంది. క్రోషే వాళ్లు ఒక మూల, నిట్టింగ్ (రెండు సూదుల అల్లిక) వాళ్లు ఇంకో మూల కూర్చుంటున్నారు. ఇంటికెళ్తే "ఈ ఎండల్లో స్వెట్టర్లెవరికి? బజార్లో మూడొందలకు వస్తుంది కదా" అనే మాట.

అందరూ కలిసి ఒక దుప్పటి అల్లితే బాగుంటుందనుకుంటున్నాం. చివరికి దాన్ని చూసి ప్రతి ఒక్కరూ "ఇది మాది" అనుకోవాలి. ఏ ఊలు, ఎంత కొనాలి, పని ఎలా పంచాలి, ముక్కలు ఎలా కలపాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

రెండుసూదులు

దుప్పటి సంగతి తరవాత. ముందు ఆ 27 కుట్ల సంగతి తేలాలి, ఎందుకంటే కొత్తవాళ్లు మానేసేది అక్కడే. చేతకాక మానేయరండీ, ఏం జరిగిందో అర్థంకాక మానేస్తారు.

కుట్లు పెరగడానికి కారణాలు ప్రధానంగా రెండు. పట్టీ అంచు ఏటవాలుగా వెడల్పవుతూ, ఎక్కడా కన్నం లేకపోతే తప్పు వరస మొదట్లో ఉన్నట్టు. దారం సూది మీదుగా వెనక్కి పోతుంది, దాంతో మొదటి కుట్టు పైకి లేచి దాని రెండు కాళ్లూ రెండు కుట్లలా కనబడతాయి. కొత్తవాళ్లు రెంటినీ అల్లేస్తారు. వరస మొదలుపెట్టే ముందు దారాన్ని కిందికి లాగి, సూది కింద నుంచి వెనక్కి తీసుకుంటే సరిపోతుంది. అలా కాకుండా పట్టీ మధ్యలో కన్నాలు కనిపిస్తే, దారం సూదికి ముందు ఉండగానే నిట్ కుట్టు (దారం వెనక ఉంచి వేసే మామూలు కుట్టు) వేశారని అర్థం. దారం సూది మీద ఒక చుట్టు పడి, తరవాతి వరసలో అదే ఒక కుట్టయి కూర్చుంటుంది.

మూడో తప్పు ఇంకొకటి ఉంది. వరస మధ్యలో ఫోన్ వస్తే కింద పెట్టేస్తారు, తిరిగి పట్టుకునేటప్పుడు సూదులు తారుమారవుతాయి. అప్పుడు కన్నం పడటమే కాదు, పట్టీ ఒక పక్క పొడవైపోతుంది. ఉండ నుంచి వచ్చే దారం ఏ సూదికి వేలాడుతుంటే అది కుడిచేతిలో ఉండాలి. ఇది ఒక్కసారి చెబితే మరిచిపోరు.

మొదటి నెల గార్టర్ అల్లిక చాలు, అంటే అన్ని వరసలూ నిట్టే. 4 మిల్లీమీటర్ల వెదురు సూదులు, లేత రంగు నున్నటి అక్రిలిక్ ఊలు ఇవ్వండి. నలుపు, ముదురు నీలం, నూగు ఊలు వద్దు, కుట్టు కంటికి కనబడదు. స్టీలు సూదుల మీద కొత్తవాళ్ల కుట్లు జారిపోతాయి. నూలు దారం సాగదు కాబట్టి మణికట్టు త్వరగా నొప్పెడుతుంది. ప్రతి వరస చివరా లెక్కపెట్టుకోవాలి. పది వరసలకొకసారి సన్నని కుట్టుదారాన్ని సూది మీది కుట్లన్నిటిలోంచి దూర్చి వదిలేస్తే, తప్పు జరిగినప్పుడు అంతవరకే విప్పుకోవచ్చు. మొత్తం విప్పమని మాత్రం ఎవరికీ చెప్పొద్దు.

కొత్తవాళ్లను పని వచ్చినవాళ్లకు ఎదురుగా కాక పక్కన కూర్చోబెట్టండి. ఎదురుగా కూర్చుంటే చేతులు అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపిస్తాయి. దారం ఎడమ చేత్తో పట్టినా, కుడి చేత్తో పట్టినా, సూది చంకలో ఇరికించి అల్లినా మార్చకండి. "అలా కాదు, ఇలా" అని చేతులు సరిదిద్దడం మొదలెట్టగానే ఆ మనిషి బయటివాడైపోతాడు. కుట్టు అడుగున రెండు కాళ్లూ మెలిపడ్డాయా లేదా అన్నది ఒక్కటే చూడండి. మెలిపడితే దారం తిప్పే దిశైనా తప్పు, సూది వెనక కాలులోకైనా దూరుస్తున్నారు.

ఇంకో మాట. జారిపోయిన కుట్టు నిచ్చెన మెట్లలా దిగిపోయినప్పుడు దాన్ని పైకి ఎక్కించడానికి అన్నిటికంటే పనికొచ్చేది క్రోషే సూది. ఆ పని మీ క్రోషే వాళ్లకు అప్పగించండి. రెండు వారాల్లో మూలలు వాటంతటవే కలుస్తాయి.

చదరపుముక్క

నేను దుప్పటి గురించి చెబుతాను. ఇలాంటి దుప్పట్లు మూలన పడేది ఊలు చాలక కాదు, ముక్కలు ఒకే కొలతకు రాక. "30 కుట్లు వేసి 60 వరసలు అల్లండి" అని అందరికీ చెబితే, చెయ్యి బిగువున్న ఆవిడది 12 సెంటీమీటర్లు వస్తుంది, వదులుగా అల్లే ఆయనది 17 వస్తుంది. దానికి తోడు సూదుల నంబర్లు. మన కొట్లలో 8 నంబరు అంటే పాత బ్రిటిష్ లెక్క, 4 మిల్లీమీటర్లు. అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన సూది మీద 8 అని ఉంటే అది 5 మిల్లీమీటర్లు. నంబరు అడగొద్దు, మిల్లీమీటర్లే అడగండి.

అందుకే కుట్ల లెక్క చెప్పకుండా కొలత చెప్పండి. ఐమూలగా అల్లే గార్టర్ ముక్క దీనికి సరిగ్గా సరిపోతుంది. 3 కుట్లతో మొదలుపెట్టాలి. ప్రతి వరసలో మొదటి కుట్టును ముందునుంచి ఒకసారి, వెనకనుంచి ఒకసారి అల్లి రెండు చేయాలి, మిగతావన్నీ నిట్. పక్క అంచు 14 సెంటీమీటర్లు వచ్చేదాకా ఇంతే. అక్కడికి చాలామందికి 40 నుంచి 46 కుట్ల మధ్య అవుతాయి, ఎన్నయినా ఫరవాలేదు. అక్కడి నుంచి ప్రతి వరస మొదట్లో రెండు కుట్లు కలిపి అల్లుతూ 3 కుట్లు మిగిలేదాకా తగ్గించుకుంటూ పోవాలి. బిగుతు చెయ్యి, వదులు చెయ్యి ఎవరిదైనా 14 సెంటీమీటర్ల ముక్కే వస్తుంది. కొత్తవాళ్లకు పెంచడం, తగ్గించడం రెండూ ఒకే ముక్కతో పట్టుబడతాయి. మూలలు 90 డిగ్రీలు రాకుండా గాలిపటంలా సాగితే ఎక్కడో ఒక వరసలో పెంచడం మరిచారని అర్థం.

క్రోషే వాళ్లు తమ పద్ధతిలో 14 సెంటీమీటర్ల చదరమే చేయాలి. తరవాత అన్ని ముక్కలకూ, నిట్టింగ్‌వైనా క్రోషేవైనా, ఒకే తెల్లటి ఊలుతో చుట్టూ ఒక వరస క్రోషే అంచు వేయండి. పక్కకు 25 కుట్లు, మూలకు 3. ముక్క 15 సెంటీమీటర్లవుతుంది, ఏ పక్క చూసినా 25 కుట్లే ఉంటాయి కాబట్టి కలిపేటప్పుడు కుట్టుకు కుట్టు జత పడుతుంది. బృందంలోని రెండు వర్గాలను ఒక్కటి చేసేది ఈ అంచే.

6 ముక్కల వెడల్పు, 8 ముక్కల పొడవు. మొత్తం 48 ముక్కలు, దుప్పటి 90 × 120 సెంటీమీటర్లు. నిట్టింగ్ వాళ్లు పది మంది మూడేసి అల్లితే 30. క్రోషే వాళ్లు ఐదుగురు కలిసి 18 ముక్కలు, పైగా అంచులన్నీ వాళ్లవే, మనిషికి సుమారు పది అంచులు. అది చిన్న పని కాదు, అందరి ముందూ ఆ మాట చెప్పండి.

ఊలు రంగుల్లో 700 గ్రాములు, తెలుపు 300, వెరసి కిలో. మూడు ముక్కలకు 40 గ్రాముల లెక్కన కాటా మీద తూచి ఇవ్వండి. లేబుల్ మీద 4 ప్లై అని చూసి కొనొద్దు, ఎన్ని పోగులు పేనారన్నది మందం చెప్పదు. 100 గ్రాములకు 200 నుంచి 250 మీటర్లున్న ఊలు తీసుకోండి. తెలుపంతా ఒకే డై లాట్‌ది (ఒకే విడతలో రంగు వేసినది) కావాలి, లేకపోతే పక్కపక్కన పెట్టినప్పుడు తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎవరో ఇంట్లో మిగిలిన స్వచ్ఛమైన ఉన్ని ఇస్తామంటే ఈ దుప్పటిలో కలపకండి. వాషింగ్ మెషీన్‌లో ఆ ముక్కలొక్కటే కుంచించుకుపోయి దళసరి కట్టి చుట్టుపక్కల ముక్కల్ని లాగేస్తాయి. అక్రిలిక్ ముక్కల మీద ఇస్త్రీపెట్టె ఆనించకూడదు. రెండు మూడు సెంటీమీటర్ల పైనుంచి ఆవిరి మాత్రమే పట్టాలి. వేడి తగిలితే జీవం పోయి జావగా వేలాడుతుంది, మళ్లీ బాగుపడదు.

గోడమీద 48 గళ్ల చార్టు పెట్టండి. ముక్క రాగానే ఏ గడిలో ఎవరిదో పేరు రాయండి. పూర్తయ్యాక దుప్పటి వెనక మూలలో నూలు పట్టీ మీద పదిహేను పేర్లూ కుట్టండి. కొంచెం వంకర వచ్చిన ముక్కను చివరి వరసకు తోసేయకండి, నట్టనడుమ పెట్టండి, నాలుగు పక్కలా పట్టి ఉంటుంది కాబట్టి సర్దుకుంటుంది. ఆ ముక్క అల్లినవాళ్లకు మీరిచ్చే గౌరవం కూడా అదే.

గోదారి_లేసు

పైన చెప్పినదానికి క్రోషే వైపు నుంచి కొంచెం చేర్పు. అంచు వేసేటప్పుడు 25 కుట్లు సమంగా పడాలంటే పక్కకు నాలుగు గుండుసూదులు గుచ్చి ఐదు భాగాలు చేసుకుని, భాగానికి ఐదేసి వేయాలి. అంచు అలలుగా లేస్తే కుట్లు ఎక్కువ, ముక్క గిన్నెలా ముడుచుకుంటే తక్కువ. పాటర్న్ చూసి అల్లేవాళ్లు అది బ్రిటిష్‌దా అమెరికాదా ముందు చూసుకోండి. అమెరికా వాళ్లు సింగిల్ క్రోషే అనేదాన్నే బ్రిటిష్ వాళ్లు డబుల్ క్రోషే అంటారు. ఒకే పాటర్న్‌ను ఇద్దరు రెండు రకాలుగా చదివితే ముక్కల ఎత్తే మారిపోతుంది.

"క్రోషే మాత్రమే వచ్చు" అన్నారు. ఆ "మాత్రమే" తీసేయండి, దయచేసి. క్రోషే మన నేల మీద పాతుకున్న పని. నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు పనిని తరతరాలుగా ఆడవాళ్లు ఇళ్లల్లోనే కూర్చుని సన్నటి నూలు దారంతో అల్లుతున్నారు. ఒకరు పూలు అల్లితే, ఇంకొకరు వాటిని కలుపుతారు. ఆ కలిపే పని విడిగా ఒక నైపుణ్యం, పూలు సమంగా రాకపోయినా బల్లగుడ్డ చదునుగా పరుచుకునేది ఆ చేతివల్లే. నర్సాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకు రక్షణ దొరికింది, సంతోషం. అల్లిన మనిషి పేరు మాత్రం సరుకు మీద ఉండదు, ముక్కకు ఇంతని కూలి, అంతే. అందుకే వెనక పట్టీ మీద పేర్లు కుట్టమన్న సలహాను వదలకండి. అంచులు వేసినవాళ్ల పేర్ల పక్కన "అంచు, అతుకు" అని కూడా రాయండి.

పెద్ద ఎత్తున ఇదే పని చూడాలంటే, 2016లో మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్ బృందం ఉంది. ఊరూరా అల్లిన ముక్కల్ని చెన్నైలో కలిపి 11,148.5 చదరపు మీటర్ల దుప్పటితో గిన్నిస్ రికార్డు సాధించారు.

నిజాంపేట_ఊలు

అందరికీ చాలా ధన్యవాదాలండీ. గళ్ల చార్టు ఈ శనివారమే పెడతాం. మరి "మూడొందల స్వెట్టర్" మాటకు ఏం చెప్పాలి? మిగిలిన ఊలుతో ఆసుపత్రిలో పసిపిల్లలకు టోపీలు ఇద్దామని మాస్టారు అంటున్నారు. కుదురుతుందా?

కార్డిఫ్_కమల

మిషన్ ధరతో పోటీ పెట్టుకోకండి. చిన్న టోపీకే చెయ్యి తిరిగినవాళ్లకు మూడు నాలుగు గంటలు పడుతుంది, ఏ ధరా దానికి సరిపోదు. హైదరాబాద్ ఎండ సంగతి అంటారా, ఆదిలాబాద్‌లో, లంబసింగిలో చలికాలం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు ఆ మాట అనరు.

టోపీలు కుదురుతాయి, కానీ ముందు ఆసుపత్రి నర్సును అడగండి. నెలలు నిండని పిల్లల వార్డులకు కొలతలు, ఉతుకు నియమాలు వేరే ఉంటాయి. నెలలు నిండిన బిడ్డ తల చుట్టుకొలత 35 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, టోపీ సాగుతుంది కాబట్టి 29, 30 వచ్చేలా అల్లాలి. అదే ఊలు, 4 మిల్లీమీటర్ల సూదులు, 10 సెంటీమీటర్లకు 22 కుట్లు వస్తుంటే గుండ్రంగా 64 కుట్లు వేయండి. బల్లపరుపుగా అల్లి కుట్టేవాళ్లు 66 వేస్తే రెండు కుట్టులోకి పోతాయి. రెండు నిట్, రెండు పర్ల్ (దారం ముందు ఉంచి వేసే కుట్టు) చొప్పున 3 సెంటీమీటర్ల పట్టీ, ఆపైన మొత్తం 12 సెంటీమీటర్లయ్యేదాకా సాదా అల్లిక. తరవాత వరసంతా 6 నిట్, 2 కలిపి. ఒక వరస సాదా. 5 నిట్, 2 కలిపి. ఇలా 8 కుట్లు మిగిలేదాకా తగ్గించి, దారం తెంపి వాటిలోంచి దూర్చి బిగించాలి. 100 గ్రాములకు మూడు టోపీలు వస్తాయి.

కుచ్చు బంతులు, రిబ్బన్లు, గుండీలు పెట్టొద్దు. నూగు ఊలు అసలే వద్దు, పోగులు ముక్కులోకి పోతాయి. లోపలి దారం కొసలు కనీసం 5 సెంటీమీటర్లు అల్లికలో దాచాలి, వదులుగా ఉంటే పసివేళ్లకు చుట్టుకుంటాయి. ఉతికి ఆరబెట్టి, కొలత, ఊలు రకం, ఉతికే పద్ధతి, అల్లినవాళ్ల పేరు చీటీ మీద రాసి ఇవ్వండి.

నెలకోసారి క్లబ్‌హౌస్‌లో కాకుండా కింద లాబీలో కూర్చోండి. 2005లో మొదలైన వరల్డ్ వైడ్ నిట్ ఇన్ పబ్లిక్ డే ఏటా జూన్‌లో వస్తుంది, నలుగురూ చూసే చోట కూర్చుని అల్లడమే ఆ రోజు పని. వచ్చేపోయేవాళ్లు ఆగి అడుగుతారు. అప్పుడు జవాబు చెప్పే బాధ్యత అందరికంటే కొత్తగా చేరినవాళ్లకివ్వండి.

చదరపుముక్క

ఒకటి మరిచిపోకండి. చార్టుతో పాటు అట్టముక్క మీద 14 సెంటీమీటర్ల చదరం కత్తిరించి మనిషికొకటి ఇవ్వండి. టేపు ఒక్కొక్కరు ఒక్కోలా సాగదీసి కొలుస్తారు, అట్ట సాగదు.