డాక్టరేట్ దరఖాస్తులో మన డిప్రెషన్ గురించి రాయాలా, వద్దా?

తార్నాక_అమ్మాయి
ఎమ్మెస్సీ సైకాలజీ అయ్యాక సికింద్రాబాద్‌లో పిల్లల థెరపీ సెంటర్‌లో చేరాను. అమెరికాలో క్లినికల్ సైకాలజీ పీహెచ్‌డీకి ఈసారి అప్లై చేస్తున్నా. చాలా యూనివర్సిటీలకు డిసెంబర్ 1 దగ్గర్లోనే ఆఖరు తేదీ. మిగతావన్నీ రెడీ, ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నామో రాసే స్టేట్‌మెంట్) మొదటి పేరా దగ్గర బండి ఆగిపోయింది. అది ఇది:

"ఇంటర్ సెకండియర్‌లో కాలేజీ హాస్టల్లో ఉండగా నాకు తీవ్రమైన డిప్రెషన్ వచ్చింది. మందులు వాడాను, కౌన్సెలింగ్‌కి వెళ్ళాను. నన్ను మళ్ళీ మనిషిని చేసిన సైకాలజిస్టు మేడమ్‌ని చూసే ఈ వృత్తి ఎంచుకున్నాను."

మా సార్ చదివి "చాలా బాగుందమ్మా, ఉంచు" అన్నారు. అక్కడ చదువుతున్న సీనియర్ అక్క మాత్రం ముందు ఆ పేరా తీసెయ్యమంది. ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. మరి ఎందుకు తీయాలి?

ఒహాయో_ఉప్పలోడు
మీ సీనియర్ మాట వినండి. తీసెయ్యండి. 2006లో ఆపిల్‌బీ అనే ఇంటిపేరున్న ఇద్దరు పరిశోధకులు సైకాలజీ పీజీ అడ్మిషన్ కమిటీల అధ్యక్షులనే అడిగారు, చేతిదాకా వచ్చిన సీటు ఎందువల్ల పోతుందని. వచ్చిన జవాబుల్లో సొంత మానసిక సమస్యల గురించి స్టేట్‌మెంట్‌లో రాసుకోవడం ఒకటి.

ఇక్కడ మన ఎంట్రన్స్‌లా ర్యాంకు చూసి సీటివ్వరు. చాలాచోట్ల మిమ్మల్ని తీసుకునేది ఒక ప్రొఫెసర్, తన ల్యాబ్ కోసం. ఏడాదికి ఒకరు, మహా అయితే ఇద్దరు. ఆ మనిషికి ఐదారేళ్ళు స్టైపెండ్ చూడాలి, క్లినిక్‌లో పేషెంట్లను అప్పగించాలి, చివర్లో ఏడాది ఇంటర్న్‌షిప్‌కి పంపాలి. డిసెంబర్లో కుప్పగా వచ్చిపడిన అప్లికేషన్లు తిరగేస్తూ ఆయన వెతికేది ఒక్కటే, ఈ పిల్ల నా రీసెర్చికి పనికొస్తుందా అని. మీ మొదటి పేరాలో దానికి జవాబు లేదు. జాలిపడతాడు, పక్కన పెడతాడు.

మూసీ_గట్టు
అబ్బో, ఏం న్యాయమండీ! డిప్రెషన్‌కి వైద్యం చేసే చదువు చెబుతారు, డిప్రెషన్ వచ్చిందంటే మాత్రం గడప దాటనివ్వరు. గుండెకి స్టెంట్ వేయించుకున్నవాడు కార్డియాలజీ చదవకూడదని ఎవరైనా అంటారా? ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ళకి ఇచ్చే డీబీటీ థెరపీని తయారుచేసిన మార్షా లైన్‌హాన్, టీనేజ్‌లో తాను మానసిక ఆసుపత్రిలో ఉన్నానని 2011లో అందరికీ చెప్పింది. ఆవిడ అంత పనిచేసింది ఆ బాధ తెలిసే కదా. అందరూ దాచుకుంటూ పోతే ఈ చిన్నచూపు ఎప్పటికి పోవాలి?

ఒహాయో_ఉప్పలోడు
లైన్‌హాన్ పీహెచ్‌డీ అయింది 1971లో. బయటికి చెప్పింది 2011లో. మధ్యలో నలభై ఏళ్ళున్నాయి సార్. ఉద్యోగం, పేరు అన్నీ వచ్చాక చెప్పడం వేరు, ముక్కూమొహం తెలియని కమిటీకి అప్లికేషన్‌లో చెప్పడం వేరు. చిన్నచూపు పోవాల్సిందే. ఆ బరువు ఈ అమ్మాయి నెత్తిన పెట్టకండి.

మూసీ_గట్టు
సరే, మరి ఎవరి నెత్తిన పెడదాం?

నల్లకుంట_మాస్టారు
అమ్మాయ్, కమిటీల సంగతి నాకు తెలియదు, మన ఊరి సంగతి చెబుతా. ఎవడైనా కాస్త తిక్కగా మాట్లాడితే "వీణ్ణి ఎర్రగడ్డలో వెయ్యండ్రా" అని నవ్వుకునే ఊరు మనది. నీ ఎస్‌ఓపీ అమెరికా ఒక్కదానికే పోతుందనుకుంటున్నావా? దిద్దిపెట్టమని కన్సల్టెన్సీకి ఇస్తావు. వాళ్ళు పేరు కొట్టేసి రేపు ఇంకో పిల్లకి శాంపిల్ అని చూపిస్తారు. మా తోడల్లుడి కూతురు రాసుకున్నది అలాగే పక్క కాలనీ కుర్రాడి వాట్సాప్‌లో తేలింది, చదివిన కాలేజీ పేరుతో సహా. ఇక పోల్చుకోవడం ఎంతసేపు? పెళ్ళి సంబంధాల కోసం చెబుతున్నాననుకోకు. ఆ సంగతి ఎవరికి చెప్పాలో తేల్చుకోవాల్సింది నువ్వు.

మారేడ్‌పల్లి_క్లినికల్
నేను ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టుని, ట్రెయినీలకు సూపర్‌విజన్ చేస్తుంటా. రాయాలా వద్దా అని అందరూ కొట్టుకుంటున్నారు గానీ ఆ పేరాని ఎవరూ నిదానంగా చదివినట్టు లేదు. అందులో జబ్బు ఉంది, మేడమ్ ఉంది, నువ్వు లేవు తల్లీ. కోలుకున్నాక నీకేం కనబడింది, ఏం చేశావు అన్నది ఒక్క మాట లేదు.

ఇద్దరు ట్రెయినీల సంగతి చెబుతా, గుర్తుపట్టే వివరాలు మార్చి. ఇద్దరూ ఒకప్పుడు డిప్రెషన్‌తో అవస్థ పడినవాళ్ళే. ఇంటర్ తప్పిన కుర్రాడొకడు వచ్చాడు. మొదటి ట్రెయినీ అతని మాట పూర్తి కాకముందే కళ్ళు తుడుచుకుని "నాకూ ఇలాగే అయింది, తగ్గిపోతుందిలే" అంది. ఆ పూట ఆ అబ్బాయి మళ్ళీ నోరు విప్పలేదు. రెండో ఆమె దగ్గరికి వచ్చింది ఒక అమ్మాయి. డిప్రెషన్ ఎంతుందో చూసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలు ఒక్కొక్కటే అడుగుతుంటే జవాబులన్నీ వాళ్ళమ్మే చెబుతోంది, "బాగానే తింటుందండీ, బాగానే పడుకుంటుందండీ" అని. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. అక్కడిదాకా రాకుండానే మా ట్రెయినీ కాగితం పక్కన పెట్టి, వాళ్ళమ్మని కాసేపు బయట కూర్చోమంది. తలుపు వేశాకే ఆ పిల్ల మాట్లాడింది. ఆ చొరవ ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. కమిటీకి తెలియకపోయినా నష్టం లేదు, ఏం చేసిందో తెలిస్తే చాలు.

కార్డిఫ్_కబుర్లు
బ్రిటన్‌లో మరీ ఇంత భయం లేదు. ఇక్కడ క్లినికల్ డాక్టరేట్ మూడేళ్ళు, మామూలుగా ట్రెయినీ అంటే జీతం తీసుకునే ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) ఉద్యోగే. సొంత అనుభవం గురించి కాస్త బాహాటంగానే మాట్లాడతారు, 2010 నాటి ఈక్వాలిటీ చట్టం అండ కూడా ఉంది. అయినా వాళ్ళు చూసేది దానివల్ల నీ పనితీరు ఎలా మారిందన్నదే. అన్నట్టు, ఎన్‌హెచ్‌ఎస్ డబ్బుతో నడిచే సీట్లకు ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్ళకి అర్హత దొరకడం కష్టం. ఫీజు స్టేటస్ (మిమ్మల్ని స్థానిక విద్యార్థిగా లెక్కిస్తారా, విదేశీ విద్యార్థిగానా అన్నది) చూసుకోకుండా ఆశ పెట్టుకోకండి.

బోడుప్పల్_భాయ్
అసలు బయటికెందుకు చెల్లెమ్మా? ఇక్కడే ఆర్‌సీఐ కోర్సు చేసుకోవచ్చుగా.

తార్నాక_అమ్మాయి
అన్నా, రెండేళ్ళ ఎంఫిల్ మీదే ఆశ పెట్టుకున్నా. యూజీసీ దానికి 2025-26 వరకే గడువు పొడిగించింది. సై.డీ. అనే డాక్టరేట్ కోర్సు కూడా చూశా, ఫీజు చూసి పేజీ మూసేశా.

మారేడ్‌పల్లి అక్కా, మీరన్నాక మళ్ళీ రాశా:

"మా సెంటర్‌కి పిల్లల్ని తీసుకొచ్చే తల్లులు 'చదువు మీద ధ్యాస లేదు' అని మొదలుపెడతారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి నిద్ర, ఆకలి గురించి అడిగితే కొందరిలో డిప్రెషన్ బయటపడింది. తల్లిదండ్రులు చెప్పేదానికీ పిల్లలు చెప్పేదానికీ ఇంత తేడా ఎందుకు ఉంటుందన్నది నేను పరిశోధించాలనుకుంటున్న ప్రశ్న."

నా గురించి ఒక్క మాట లేదు. కానీ హాస్టల్ వార్డెన్‌తో మా నాన్న "దీనికి చదువు మీద ధ్యాస లేదండీ" అంటున్నప్పుడు పక్కన నిలబడ్డది నేనే.

మూసీ_గట్టు
నాకు మొదటిదే నచ్చింది. ఇది ఎవరైనా రాయగలరు.

ఒహాయో_ఉప్పలోడు
ఆ కుర్చీలో కూర్చుని ఆ తల్లుల మాట విన్నవాళ్ళే రాయగలరు సార్. నా ప్రొఫెసర్ అయితే దీన్ని చదివి జూమ్‌లో ఒకసారి మాట్లాడదామంటాడు. ఇంకో విషయం, ఇది మర్చిపోవద్దు. మీ సార్‌కి సంగతంతా తెలుసు కదా. ఆయన మెచ్చుకోలుగానే రికమెండేషన్ లెటర్‌లో "డిప్రెషన్‌ని జయించిన అమ్మాయి" అని రాశారనుకోండి, మీరు తీసేసిందంతా ఆయన చేతిమీదుగా వెళ్ళిపోతుంది. ఆపిల్‌బీ వాళ్ళు చెప్పినవాటిలో దెబ్బతీసే రికమెండేషన్ లెటర్లు కూడా ఉన్నాయి.

తార్నాక_అమ్మాయి
అయ్యో! ఇప్పుడు కొత్త టెన్షన్. మొన్ననే డ్రాఫ్ట్ అయిపోయిందన్నారు. పెద్దాయన, మార్చమని ఎలా అడగను?

నల్లకుంట_మాస్టారు
మార్చమని అడక్కు. సెంటర్‌లో నువ్వు చేసిన పనంతా ఒక పేజీలో రాసి, "సార్, వీలైతే ఇవి కలుపుతారా, కమిటీ వీటి గురించే చూస్తుందట" అని చేతిలో పెట్టు. ముప్పై ఏళ్ళు లెటర్లు రాసినవాణ్ణి. ఎవరైనా పాయింట్లు రాసిస్తే మాస్టర్లు పాతది పడేసి హాయిగా అవే దించేస్తారు.