రోజూ ఆఫీసుకి నడపాలంటే మస్టాంగ్ జీటీ, కార్వెట్, ఛాలెంజర్‌లలో ఏది?

ఫ్రిస్కోవాసి:
అందరికీ నమస్కారం. చిన్నప్పటి నుంచి వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) కారు కొనాలని కోరిక, ఇన్నాళ్లకి కుదిరేలా ఉంది. బడ్జెట్ 65 వేల డాలర్లలోపు, సెకండ్ హ్యాండ్ అయినా పర్వాలేదు. ఇంట్లో ఉన్న ఎస్‌యూవీ మా ఆవిడ నడుపుతుంది. నాకు ఆఫీసుకి రానూపోనూ 50 మైళ్లు, అందులో సగం ట్రాఫిక్కే. వారానికి రెండుసార్లు ఆరేళ్ల పాపని డాన్స్ క్లాసులో దింపేది కూడా నేనే. ఫోర్డ్ మస్టాంగ్ జీటీ, షెవ్రొలే కార్వెట్ సీ8, డాడ్జ్ ఛాలెంజర్ స్కాట్ ప్యాక్ చూస్తున్నా. వీడియోల్లో అందరూ 0 నుంచి 60 మైళ్ల వేగానికి ఎన్ని సెకన్లో చెప్తున్నారు గానీ, సోమవారం పొద్దున్న ఎలా ఉంటుందో ఎవరూ చెప్పట్లేదు. రోజూ నడిపేవాళ్లు చెప్పండి.

ఎడిసన్ సీ8:
నాది 2021 కార్వెట్ సీ8 స్టింగ్రే, జెడ్51 అనే పెర్ఫార్మెన్స్ ప్యాకేజీతో. 6.2 లీటర్ల ఇంజన్, 495 హార్స్ పవర్, 60 మైళ్ల వేగానికి 2.9 సెకన్లు. ఇవన్నీ మీకు తెలిసినవే, కాబట్టి తెలియనివి చెప్తాను.

ట్రాఫిక్‌లో ఈ కారు చాలా సాధువు. మాన్యువల్ గేర్లు లేవు, తనే గేర్లు మార్చుకునే 8 గేర్ల డ్యూయల్ క్లచ్ ఒక్కటే. ఆగుతూ కదులుతూ గంటసేపు నడిపినా కాలు లాగదు. హైవే మీద నింపాదిగా వెళ్తుంటే నాలుగు సిలిండర్లు వాటంతటవే ఆగిపోతాయి, అందుకే మైలేజీ కూడా మరీ దారుణంగా ఉండదు.

ఇంజన్ వెనకాల ఉంది కాబట్టి డిక్కీలు రెండు, ముందొకటి, వెనకొకటి. రెండూ కలిపి 12.6 క్యూబిక్ ఫీట్. వెనక డిక్కీ ఇంజన్‌కి ఆనుకునే ఉంటుంది, వేడెక్కుతుంది. మొదటి నెలలోనే ఇండియన్ స్టోర్ నుంచి ఫ్రోజెన్ పరోటాలు, కరివేపాకు అందులో పెట్టి తెచ్చా. ముప్పావుగంటలో పరోటాలు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుపోయాయి, కరివేపాకు వాడిపోయింది. అప్పటి నుంచి పాలూ పెరుగూ ముందు డిక్కీలోకే. కారు పైకప్పు (టాప్) తీస్తే దాన్ని పెట్టేది కూడా వెనక డిక్కీలోనే, ఆ రోజు ఇక సామాను మాట మర్చిపోవాలి.

ముందు భాగం బాగా కిందికి ఉంటుంది. డ్రైవ్‌వే ఏటవాలుగా ఉంటే ముందు భాగాన్ని పైకి లేపే ఫ్రంట్ లిఫ్ట్ ఉన్న కారే వెతకండి, అన్నింటికీ ఉండదు. ఒకసారి గుర్తు పెట్టిస్తే జీపీఎస్ సాయంతో ఆ చోటికి రాగానే తనే పైకి లేస్తుంది.

కానీ అన్నా, అసలు విషయం వేరే. రెండే సీట్లు. పదమూడేళ్లలోపు పిల్లల్ని వెనక సీట్లోనే కూర్చోబెట్టమంటారు, ఈ కారుకి వెనక సీటే లేదు. నాకు పిల్లలు లేరు కాబట్టి సరిపోయింది. పాపని మీరే దింపాలంటే నేను వద్దనే చెప్తాను.

మిషిగన్ మంచు:
ఆరేళ్లుగా మస్టాంగ్ జీటీ నడుపుతున్నా. 2018 మోడల్, 5.0 లీటర్ల కొయోటీ అనే వీ8 ఇంజన్, 460 హార్స్ పవర్, మాన్యువల్. 2024లో వచ్చిన కొత్తదానికి 480, అందులోనే పై రకమైన డార్క్ హార్స్‌కి 500. రోడ్డు మీద ఈ తేడా నాకైతే తెలియలేదు, రెండూ నడిపి చూశా.

ఇక్కడ చలికాలం గురించి అందరూ భయపెడతారు. పవర్ వెనక చక్రాలకే వెళ్లే కారైనా నాలుగింటికీ వింటర్ టైర్లు వేస్తే నవంబర్ నుంచి మార్చి దాకా ఆఫీసు మానక్కర్లేదు. సమ్మర్ టైర్లతో మాత్రం సాహసం చెయ్యకండి. 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దిగితే రబ్బరు గట్టిపడిపోతుంది, పొడి రోడ్డు మీద కూడా జారుతుంది. ఒకసారి సిగ్నల్ దగ్గర ఎడమకి తిప్పుతుంటే కారు వెనక భాగం పక్క లేన్‌లోకి వెళ్లిపోయింది. అటు ఎవరూ లేరు, దేవుడి దయ.

డిక్కీ 13.5 క్యూబిక్ ఫీట్, వెనక సీట్లు మడిస్తే బియ్యం బస్తాలూ సరిపోతాయి.

ఫ్రిస్కోవాసి:
అన్నా, వెనక సీట్లో పిల్లలు కూర్చోగలరా? నేను 6 అడుగులు.

మిషిగన్ మంచు:
బూస్టర్ (పిల్లల్ని ఎత్తులో కూర్చోబెట్టే సీటు) మీద చిన్నపిల్లలు కూర్చుంటారు, కానీ మీ వెనక కాదు, పక్క సీటు వెనక. ఆ సీటు కాస్త ముందుకి జరపాలి. ఇంకో మాట, బెల్టు పెట్టడానికి ప్రతిసారీ మీరు లోపలికి వంగాలి. వర్షంలో వీపంతా తడుస్తుంది.

గుంటూరు టు అట్లాంటా:
ఛాలెంజర్ స్కాట్ ప్యాక్ నాది. 6.4 లీటర్లు, 485 హార్స్ పవర్. కార్నరింగ్‌లో మస్టాంగ్‌తో పోటీ పడలేదు, బరువెక్కువ. కానీ కుటుంబానికి ఈ మూడింటిలో ఇదే నయం. వెనక కాళ్లు పెట్టుకునే చోటు 33 అంగుళాలు, మస్టాంగ్‌లో 29. డిక్కీ 16.2. అమ్మానాన్న వచ్చినప్పుడు ఎయిర్‌పోర్ట్ నుంచి రెండు పెద్ద సూట్‌కేసులు, పచ్చళ్ల అట్టపెట్టె డిక్కీలోనే సర్దేశా. మోకాళ్ల నొప్పులున్న అమ్మ వెనక్కి ఎక్కలేదు కాబట్టి ముందు కూర్చుంది, నాన్న వెనక కాళ్లు చాపుకుని నిద్రపోయాడు.

రెండు తలుపులు ఇబ్బంది అనుకుంటే డాడ్జ్‌దే ఛార్జర్ స్కాట్ ప్యాక్ చూడండి. ఇంజన్ అదే, తలుపులు నాలుగు. ఈ వీ8 ఇంజన్‌తో రెండూ 2023తో ఆగిపోయాయి కాబట్టి సెకండ్ హ్యాండే దిక్కు.

రెడ్ కీ:
ఎవరైనా హెల్‌క్యాట్ (ఛాలెంజర్‌లోనే ఇంకా పవర్ ఎక్కువున్న రకం) అంటారేమో, ముందే చెప్తున్నా. 717 హార్స్ పవర్ కారు ఏడాదిన్నర ఉంచుకుని అమ్మేశా. దానికి రెండు తాళాలిచ్చారు. ఎర్రదైతే పూర్తి పవర్, నల్లదైతే 500. నేను రోజూ వాడింది నల్లదే. తడి రోడ్డు మీద ఆ 500 కూడా ఎక్కువే. వెనక టైర్లు 9 వేల మైళ్లకే అరిగిపోయాయి. దొంగతనాల జాబితాల్లో హెల్‌క్యాట్‌లు పైనుంటాయి, ఇన్సూరెన్స్ దానికి తగ్గట్టే ఉంటుంది. హోటల్లో దిగిన రాత్రల్లా కిటికీలోంచి పార్కింగ్ వైపు చూస్తూ కూర్చోవడమే. ఆ టెన్షన్ నాకొద్దనిపించింది.

కొండాపూర్:
ఇక్కడ హైదరాబాద్‌లో మా బాబాయి దగ్గర 2017 మస్టాంగ్ ఉంది. 2016లో ఇండియాకి వచ్చినప్పుడు 65 లక్షలు ఎక్స్ షోరూమ్. స్పీడ్ బ్రేకర్ దగ్గర ప్రతిసారీ ఊపిరి బిగబట్టి ఏటవాలుగా ఎక్కించాలి. మీ రోడ్ల మీద రోజూ నడిపే అవకాశం వచ్చింది, వదులుకోకండి అన్నా.

లాన్సింగ్ ఎస్ఎస్:
షెవ్రొలే కమారో ఎస్ఎస్ గురించి ఎవరూ అనలేదు. 455 హార్స్ పవర్, స్టీరింగ్ అద్భుతం, నాకు ప్రాణం. కానీ కిటికీలు చిన్నవి, లేన్ మారేటప్పుడు పక్కన ఏముందో కనబడదు. డిక్కీ 9.1. పిల్లలున్న ఇంటికి చెప్పను.

ఫ్రిస్కోవాసి:
అందరికీ థాంక్స్. శనివారం పాపనీ, తన బూస్టర్‌నీ తీసుకుని రెండు చోట్లకి వెళ్లా. మస్టాంగ్‌లో పక్క సీటు ముందుకి జరిపితే పట్టింది, కానీ ముందు సీటు వీపుకి పాప షూ తగులుతూనే ఉన్నాయి. తర్వాత 2022 ఛార్జర్ స్కాట్ ప్యాక్ చూశాం. తనే తలుపు తీసుకుని ఎక్కింది, బెల్టు తనే పెట్టుకుంది. ఇంజన్ స్టార్ట్ చేయగానే మొదట చెవులు మూసుకుంది, తర్వాత "నాన్నా, మళ్లీ చెయ్యి" అంది. సోమవారం మెకానిక్‌తో చూపించి అడ్వాన్స్ ఇస్తున్నా. ఆ ఇంజన్‌లో ప్రత్యేకంగా ఏం చూడమని చెప్పాలో తెలిసినవాళ్లు రాయండి.

గుంటూరు టు అట్లాంటా:
చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించండి, ముందే వేడి చేసి ఉంచితే ఒప్పుకోవద్దు. టక్‌టక్‌మని లిఫ్టర్ (ఇంజన్ వాల్వులను ఎత్తే భాగం) శబ్దం వస్తోందేమో వినండి, వేడెక్కాక కూడా ఆగకపోతే వదిలేయండి. వెనక టైర్లు రెండూ ఒకే కంపెనీవో కాదో, తయారైన తేదీ ఏమిటో చూడండి. ఆయిల్ మార్చిన రసీదులు అడగండి.