గేటుకూ మట్టానికీ మధ్య 15 నిమిషాల ఆలస్యం: పాడే ఉజ్జాయింపుతో తేల్చవచ్చా, లాక్షణిక సమీకరణమే చూడాలా?

కొమ్మమూరు_రీచ్
అందరికీ నమస్కారం. ఎం.టెక్. ప్రాజెక్టుకి ఒక కాలువ రీచ్ మోడల్ చేస్తున్నా. మన డెల్టా కాలువల్లాంటి చదును వాలే, కొలతలు మాత్రం ఊహించి పెట్టుకున్నవి. పొడవు 6 కి.మీ., వెడల్పు 20 మీ. పై 4 కి.మీ.లో నీరు పారుతూ ఉంటుంది: లోతు 1.5 మీ., వేగం సెకనుకు 0.6 మీ. కింది 2 కి.మీ. క్రాస్ రెగ్యులేటర్ (కాలువకు అడ్డంగా ఉన్న గేట్లు) వెనక నిలవనీరు, ఉపరితలం 40,000 చ.మీ. కింద మట్టం కొలిచి పైగేటు కదపాలి. పైన చేసిన మార్పు కిందికి చేరడానికి 900 సెకన్లు పెట్టాను.

మట్టం తేడా మారే వేగం = మైనస్ (కె ÷ ఎ) × 900 సెకన్ల కిందటి తేడా. కె అంటే మీటరు తేడాకు గేటు మార్చే ప్రవాహం, సెకనుకు ఘనమీటర్లలో. ఎ అంటే ఉపరితలం. ఆలస్యానికి మొదటి దశ పాడే (ఆలస్యాన్ని రెండు బహుపదుల భిన్నంగా రాసే ఉజ్జాయింపు) వేసి, స్థిరత్వం తేల్చే రౌత్ పట్టిక కడితే కె 88.9 దాకా స్థిరం అని వచ్చింది. కె = 80తో మాట్‌ల్యాబ్ డీడీఈ23 (ఆలస్య సమీకరణాల సాధని)లో నడిపితే ఊగుడు ఆగడం లేదు. ఒక్కో చుట్టు 58 నిమిషాలు, చుట్టుచుట్టుకూ 1.45 రెట్లు పెరుగుతోంది. ఏది నమ్మాలి?

సత్యనారాయణపురం_గణితం
డీడీఈ23నే నమ్మండి. ఆలస్యాన్ని టావ్ అని, కె × టావ్ ÷ ఎ ని జి అని అందాం, మీ 80కి జి = 1.8. లాక్షణిక సమీకరణపు మూలం (వాస్తవ భాగం రుణమైతే ఊగుడు తగ్గుతుంది, ధనమైతే పెరుగుతుంది) కల్పిత అక్షం దాటే చోట కొసైన్ సున్నా కావాలి, అంటే కోణం పై/2. సైన్ సమీకరణం ప్రకారం అక్కడ జి కూడా పై/2, 1.571. హేస్ 1950లో ఇచ్చిన షరతుల్లో ఇదొక ప్రత్యేక సందర్భం. మీ రీచ్‌కి హద్దు కె = 69.8. అక్కడే హాఫ్ బైఫర్కేషన్ (స్థిరస్థితి పోయి ఊగుడు పుట్టే చోటు), ఊగుడు కాలం 4 టావ్, అంటే సరిగ్గా గంట. జి పెరిగేకొద్దీ కాలం కొంచెం తగ్గుతుంది, మీ 58 నిమిషాలు అందుకే.

మొదటి దశ పాడే ఇదే హద్దును 2 అంటుంది. 27 శాతం తప్పు, అదీ ప్రమాదం వైపు. టేలర్‌లో ఒక్క పదం ఉంచుకుంటే హద్దు 1, తప్పు ఇటువైపు. అనంతంగా మూలాలున్న సమీకరణాన్ని రెండు మూలాలకు కుదించి, అది స్థిరం కాబట్టి ఇదీ స్థిరమే అనడం చెల్లదు.

లాకుల_పక్కన
మాస్టారూ, మొదటి దశను చూపించి పాడేని మొత్తంగా కొట్టేస్తే ఎలా? రెండో దశ వేయండి. రౌత్ నుంచి జి² + 6జి − 12 < 0 వస్తుంది, హద్దు √21 − 3, అంటే 1.583. అసలు హద్దుకి ఒక శాతం తేడా కూడా లేదు. మట్టం సెన్సర్ మీద గాలికి లేచే అలే అంతకంటే ఎక్కువ తప్పు చూపిస్తుంది. పిల్లవాడి ప్రాజెక్టుకి అది చాలు.

అరండల్‌పేట_33
రెండో దశ పాడే. అయిపోయింది.

సత్యనారాయణపురం_గణితం
అయిపోలేదండీ. హద్దు దగ్గరగా వచ్చినంత మాత్రాన మోడల్ సరైనది కాదు. గేటు తెరిచిన క్షణాన కింద ఏమవుతుందో చూడండి. మొదటి దశ పాడేలో కిందికి వచ్చే ప్రవాహం ముందు రుణంగా మొదలవుతుంది, అంటే పైన తెరిస్తే కింద మట్టం కాసేపు పడుతుంది. రెండో దశలో తెరిచిన క్షణమే పూర్తి ప్రవాహం కింద ప్రత్యక్షమవుతుంది, తర్వాత పడి మళ్ళీ లేస్తుంది. అసలు కాలువలో మొదటి 15 నిమిషాలు కింద ఏమీ కదలదు. సరళ మోడల్‌లో ఇది పట్టకపోవచ్చు. గేటుకి డెడ్‌బ్యాండ్ (ఇంతలోపు తేడాకు గేటు కదలకూడదనే హద్దు) పెట్టారనుకోండి, ఆ దొంగ కదలికే డెడ్‌బ్యాండ్ దాటించి గేటును కదుపుతుంది. ఆ ఊగుడు కాలువది కాదు, పాడేది.

ఇంకొకటి. ఆలస్యం లేని సమీకరణాలకు ఉద్దేశించిన ఓడీఈ45లో పాత విలువలు దాచుకుని సొంతంగా ఆలస్యం రాసుకునేవాళ్ళు ఉన్నారు. అది చేయకండి. ఆలస్యం ఉన్న పరిష్కారంలో టావ్, 2 టావ్, 3 టావ్ దగ్గర విరుపులు ఉంటాయి. డీడీఈ23 వాటి మీద అడుగు వేసి వెళ్తుంది, ఓడీఈ45 వాటిని దాటేస్తుంది. మొదటి 900 సెకన్ల చరిత్ర ఇవ్వడమూ మర్చిపోకండి.

పటమట_సిమ్
బైఫర్కేషన్ మాట వచ్చింది కాబట్టి. జి 1.571 దాటాక ఊగుడు అనంతంగా పెరగదు, గేటు పూర్తిగా తెరుచుకోవడం, పూర్తిగా మూసుకోవడం దాన్ని ఆపుతాయి. ఒకే పరిమాణపు ఊగుడు శాశ్వతంగా నిలుస్తుంది. అంతకంటే చెడ్డది హద్దుకు లోపల ఉంటుంది. గేటు 3 సెం.మీ. మెట్లలోనే కదిలితే, వర్ణన ఫలం (ఊగుడు పరిమాణాన్ని బట్టి సగటు గెయిన్ చెప్పే లెక్క) ప్రకారం ఆ మెట్ల గెయిన్, అంటే పెంపు, 4/పై దాకా, అంటే 1.27 రెట్లు పోతుంది. కాబట్టి జి సుమారు 1.23 దాటాక సరళ లెక్క స్థిరం అంటున్నా నిలిచిపోయే ఊగుడు ఒకటి పక్కనే ఉండొచ్చు. చిన్న కుదుపుకి కాలువ సర్దుకుంటుంది. ఒక తూము ఒక్కసారిగా మూస్తే ఊగుడులో పడి అక్కడే ఉండిపోతుంది. 2 సెం.మీ. కుదుపుతో పరీక్షించి స్థిరం అని రాయకండి.

గుణదల_బీటెక్
ఇది కేయాస్‌లోకి (క్రమం లేని ఊగుడులోకి) పోతుందా సార్? రక్తకణాల ఉత్పత్తికి రాసిన మెకీ–గ్లాస్ సమీకరణంలో ఆలస్యం పెంచితే పోయింది కదా.

పటమట_సిమ్
పోదు. 1977 నాటి మెకీ–గ్లాస్‌లో ఫీడ్‌బ్యాక్ గూని ఆకారం: పెరిగి తగ్గుతుంది. బీటా 0.2, గామా 0.1, ఘాతం 10 పెడితే టావ్ 4.71 దగ్గర మొదటి హాఫ్, 17 దగ్గర కేయాస్. ఇక్కడ మట్టం పడితే గేటు తెరవడమే, ఒకే దిశ. ఒకే ఆలస్యం, ఒకే దిశ ఫీడ్‌బ్యాక్ ఉన్న ఇలాంటి ఒంటి సమీకరణానికి కేయాస్ రాదని మాలే-పారే, సెల్ 1996లో నిరూపించారు.

లాకుల_పక్కన
మళ్ళీ పాడే దగ్గరికి వస్తా. మాస్టారు దొంగ కదలిక అంటున్నది సిమ్యులేషన్ మాట. నేనన్నది హద్దు మాట. 1.583 తప్పా కాదా, అది చెప్పండి ముందు.

సత్యనారాయణపురం_గణితం
తప్పే. 1.571 కానిది తప్పే. కచ్చితమైన జవాబు ఒక్క గీతలో చేతిలో ఉంటే దగ్గరి జవాబు ఎందుకు?

లాకుల_పక్కన
ఎందుకంటే మీ కచ్చితమైన జవాబు కచ్చితంగా తప్పు కాలువ గురించి! లెక్క సరిగ్గా ఉందని సంతకం పెట్టేవాళ్ళు ఒకచోట ఉంటారు, రాత్రి రెండింటికి టార్చిలైటు పట్టుకుని గేటు చేత్తో దించే లస్కర్లు ఇంకోచోట ఉంటారు. మూడో దశాంశం కోసం ఇంత రాశారే, ఆ 900 ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరైనా అడిగారా?

అది అల మొదటి అంచు వేగం. లోతు 1.5కి √(9.81 × 1.5) = 3.84, దానికి 0.6 కలిపితే 4.44. 4000ని దానితో భాగిస్తే 900. సరే, మొదటి కదలిక 15 నిమిషాలకు వస్తుంది. నీళ్ళు ఎప్పుడొస్తాయి? పైన సెకనుకు 1 ఘనమీటరు, అంటే 35 క్యూసెక్కులు పెంచండి. ఆ ప్రవాహం కిందికి పూర్తిగా అందాలంటే పై 4 కి.మీ.లో మట్టం ముందు 5 సెం.మీ. లేవాలి. 4000 మీటర్లు × 20 × 0.05 = 4000 ఘనమీటర్లు. ఆ నీళ్ళు కాలువ కడుపులోకి పోయాకే మిగతాది కిందికి. సగటు ఆలస్యం 4000 సెకన్లు, 67 నిమిషాలు. ఇది పాడే కాదు, టేలర్ కాదు, నీటి జమాఖర్చు. మీ జి సూత్రంలో 4000 పెట్టండి, హద్దు కె 69.8 కాదు, 15.7. మీరు ఒక శాతం గురించి కొట్లాడుతున్నారు, ఇక్కడ నాలుగు రెట్లు తేడా ఉంది.

అరండల్‌పేట_33
5 సెం.మీ. ఎలా వచ్చింది?

లాకుల_పక్కన
వెడల్పైన కాలువలో మానింగ్ ప్రకారం ప్రవాహ మార్పు నడిచే వేగం నీటి వేగానికి 5/3 రెట్లు. 0.6కి సెకనుకు 1 మీ. వెడల్పు 20తో గుణిస్తే మీటరు మట్టానికి 20 ఘనమీటర్లు. ఒక ఘనమీటరుకి 5 సెం.మీ.

సత్యనారాయణపురం_గణితం
జమాఖర్చు సరైనదే, దాన్ని ఎవరూ కాదనలేరు. కానీ సగటు 4000 అంటే శుద్ధ ఆలస్యం 4000 అని కాదు. 4000 సెకన్లు ఏమీ జరగకుండా ఉండి తర్వాత ఒక్కసారిగా రావడం వేరు, 900కి మొదలై మెల్లగా నిండుకుంటూ రావడం వేరు. రెండోదాన్ని 900 ఆలస్యం, 3100 సెకన్ల మొదటి దశ లాగ్ (మెల్లగా నిండే భాగం) అని తీసుకుందాం, సగటు అదే 4000. హద్దు దగ్గర 900ω, ఆర్క్‌టాన్ 3100ω కలిసి పై/2 కావాలి. ω = 0.000571 వస్తుంది, కె సుమారు 46. ఊగుడు కాలం 11,000 సెకన్లు, మూడు గంటలు.

అంటే మీ 15.7 అతిజాగ్రత్త, ఆ పిల్లవాడి 900తో నేను చెప్పిన 69.8 అతిధీమా. ఆలస్యం ఎంత అన్నదొక్కటే సరిపోదు, అది ఎలా పరుచుకుంది అన్నదే హద్దును నిర్ణయిస్తుంది. ఊగుడు కాలం చూస్తే ఏ మోడల్ నిజమో కాలువే చెబుతుంది: గంట వస్తే శుద్ధ 900, మూడు గంటలైతే లాగ్, నాలుగున్నర దగ్గరైతే మీది.

బ్రాడీపేట_కంట్రోల్స్
కాలువను ఊగనిచ్చి చూడక్కర్లేదు. మెట్టు పరీక్ష చేయండి. తూములన్నీ కట్టి, కింది రెగ్యులేటర్ బయటికి వదిలే ప్రవాహం స్థిరంగా ఉంచాలి. మట్టం లేస్తే కిందిగేటు నుంచి ఎక్కువ పోతుంది, దాన్ని సర్దుతూ ఉండాలి. ఇది వదిలేస్తే పరీక్ష వృథా. పైన అర ఘనమీటరు, సుమారు 18 క్యూసెక్కులు పెంచి, స్టిల్లింగ్ వెల్‌లో (అలలు తగలని కొలత బావిలో) మట్టం నిమిషానికోసారి నాలుగు గంటలు రాయండి. గీత చివరికి గంటకు 4.5 సెం.మీ. వాలుతో నిలకడవుతుంది. అంతకంటే బాగా తక్కువ వస్తే ఉపరితలం 40,000 కాదన్నమాట, లేదా ఎక్కడో నీరు పోతోంది. ఆ నిలకడ గీతను వెనక్కి పొడిగిస్తే కాలం అక్షాన్ని తాకే చోటు సగటు ఆలస్యం. మట్టం మొదట కదిలిన చోటు శుద్ధ ఆలస్యం. రెండూ ఒకే పరీక్షలో దొరుకుతాయి.

పీఐ (ఇప్పటి తేడాతో పాటు కాలంతో కూడుతూ వచ్చిన తేడాకు, అంటే ఇంటిగ్రల్‌కు కూడా గేటు కదిపే పద్ధతి) పెట్టేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఇంటిగ్రల్ సమయం సగటు ఆలస్యం కంటే ఎక్కువ ఉండాలి. ఇక్కడ లాగ్ ఆకారమైనా శుద్ధ ఆలస్యమైనా గడప 4000 సెకన్లే. దానికి లోపల ఉంటే ఏ గెయిన్ పెట్టినా స్థిరం కాదు, గెయిన్ తగ్గిస్తే ఊగుడు మెల్లగా పెరుగుతుంది అంతే. టావ్ 900 అనుకుని దానికి 4 రెట్లు, 3600 పెట్టినవాడు ఈ గోతిలోనే పడతాడు. స్కోగెస్టాడ్ 2003 నియమంలో 8 రెట్లు, 7200 కాబట్టి బయటపడతాడు. గేటు గేర్లలో ప్లే ఉంటే పీఐతో ఊగుడు తప్పదు, 2 సెం.మీ. లోపు తేడాకు ఇంటిగ్రల్ ఆపేయండి.

కొమ్మమూరు_రీచ్
లాగ్ మోడల్‌తో డీడీఈ23 నడిపాను, హద్దు 46 దగ్గరే వచ్చింది, కాలం 183 నిమిషాలు. అందులో సగం, కె = 23 తీసుకుని ముందుకు వెళ్ళనా?

లాకుల_పక్కన
ఇప్పుడు అసలు మాట. పి మాత్రమే (ఇంటిగ్రల్ లేకుండా) ఉంటే తూము 1.5 ఘనమీటర్లు అదనంగా లాగినప్పుడు మట్టం 1.5 ÷ 23, అంటే 6.5 సెం.మీ. పడి అక్కడే ఉంటుంది. నా 15.7లో సగం, 8 పెడితే 19 సెం.మీ. శివారు తూముకి 19 సెం.మీ. పడితే నీరెక్కదు. అందుకే 8 పెట్టమని నేను అనను. కానీ 23 కూడా నిండు కాలువకే. నీరు తగ్గిన రోజుల్లో లోతు 0.8, వేగం 0.35 అనుకోండి. మొదటి కదలిక 1270 సెకన్లకు, సగటు ఆలస్యం 4000 ÷ 0.583, దాదాపు 6860 సెకన్లకు పోతుంది. శివారు రైతుకి నీళ్ళు అవసరమయ్యేదీ అప్పుడే, హద్దు కిందికి దిగేదీ అప్పుడే. స్థిరత్వం కోసం గెయిన్ తగ్గించుకుంటూ పోతే ఆ భారం శివారు మీదే పడుతుంది. నా కోపం పాడే మీద కాదు, దీని మీద.

సత్యనారాయణపురం_గణితం
ఇది ముందే అడగాల్సిన ప్రశ్న, ఇప్పుడైనా సూటిగా చెబుతా. ఆ పనిని ఫీడ్‌బ్యాక్ మీద వేయకూడదు. తూము ఎప్పుడు తెరుస్తారో వంతుల పట్టికలో ముందే ఉంటుంది కదా, దాని ప్రకారం పైగేటు ముందుగానే తెరవండి. నిండు కాలువలో గంట ముందు, తక్కువ నీటిలో రెండు గంటల ముందు. ఫీడ్‌బ్యాక్‌కి మిగిలేది అనుకోని తేడా మాత్రమే. తక్కువ నీటికి 1270 ఆలస్యం, 5590 లాగ్ వేసి చూడండి, హద్దు 33 దగ్గర వస్తుంది, సగం 16. ప్రవాహాన్ని బట్టి కె 23 నుంచి 16కి మారే పట్టిక పెట్టండి. స్మిత్ ప్రెడిక్టర్ (మోడల్‌తో ఆలస్యాన్ని ముందే ఊహించి సర్దే పద్ధతి) మాత్రం వద్దు. నిలవనీటిలాంటి ఇంటిగ్రేటర్‌కి (వచ్చిన ప్రవాహాన్ని కూడబెట్టుకుంటూ పోయేదానికి) స్థిరమైన తూము లాగుడు వస్తే అది పీఐతో కూడా మట్టం తేడా మిగులుస్తుంది.

లాకుల_పక్కన
వంతుల పట్టిక ప్రకారం తూములు తెరుచుకునే కాలువలో అయితే ఒప్పుకుంటా. పట్టిక దాటి లాగే తూములు ఎన్నో ముందు లెక్క పెట్టాలి, ఆ తర్వాతే 16.