రిపన్ జలపాతం బొమ్మ కింద గ్రాంట్ పేరు వేయొచ్చా?

నైలుదారి:
గ్రాంట్‌తో కలిసి నైలు పుట్టుక వెతకబోయిన ఆంగ్ల యాత్రికుడు స్పీక్ రాసిన యాత్ర పుస్తకం (1863) ముఖపత్రం మీదే ఉంది, బొమ్మలు ముఖ్యంగా కెప్టెన్ గ్రాంట్ గీసినవాటి నుంచి తీసుకున్నవని. కాబట్టి విక్టోరియా సరస్సు నుంచి నైలు బయటపడే చోటున్న రిపన్ జలపాతం బొమ్మ కింద "గ్రాంట్ చూసి గీసినది" అని వేద్దాం.

అచ్చుపెట్టె:
1862 జులై 28న స్పీక్ అక్కడికి చేరేసరికి గ్రాంట్ లేడు. ముందే పక్క రాజ్యం బున్యోరో దారిన పంపేశాడు. చూడని జలపాతాన్ని చూసి గీశాడని ఎలా వేస్తారండీ?

కాగడా:
"ముఖ్యంగా" అంటే "అన్నీ" అని కాదు కదా.

నైలుదారి:
సరే, స్పీకే గీశాడనుకోండి. చూసినవాడేగా! ఎత్తు సుమారు 12 అడుగులు, వెడల్పు 400 నుంచి 500 అడుగులు అని రాశాడు. రాళ్ల మీద గాలాలేసే జాలర్లు, మొసళ్లు, నీటిగుర్రాలు, ఎగువన రేవు పడవ, అన్నీ చెప్పాడు. బొమ్మను ఆ రాతతో సరిచూసుకోవచ్చు.

అచ్చుపెట్టె:
సరిపోయినా రుజువు కాదు. లండన్‌లో అచ్చుకు వాడే చెక్క బ్లాకు మీద బొమ్మ వేసేవాడి ముందు రాతప్రతి కూడా ఉండొచ్చు. ఈ పుస్తకానికి స్కెచ్‌లను తిరగగీసింది జ్వెకర్ అనే చిత్రకారుడు. పని ఎలా సాగేదంటే, బాక్స్‌వుడ్ దుంగను అడ్డంగా కోసిన బిళ్లకు తెల్లపూత పూసి, కుడిఎడమలు తారుమారు చేసి బొమ్మ వేస్తారు. తెల్లగా రావాల్సిన చోటల్లా ఇంకొకరు ఉలితో తొలిచేస్తారు. ఎత్తుగా మిగిలిన చోటుకే సిరా అంటుతుంది. ఆ చెట్టు మాను సన్నం, అందుకని పెద్ద బొమ్మకు ముక్కలు కలిపి బిగించాలి. అతుకు వదులైతే అచ్చులో తెల్లగీత పడుతుంది. అంతకన్నా పెద్ద నష్టం, నీటిరంగు పలచన బ్లాకు మీద రాదు. నురగా తుంపరా ఆకాశమూ గీతలైపోతాయి. ముందుభాగం బోసిగా ఉంటే చెట్టో, నలుగురు మనుషులో వచ్చి చేరతారు.

నైలుదారి:
తారుమారు సంగతి ముందు తేల్చండి. ఇది తిరగబడిందా లేదా?

అచ్చుపెట్టె:
నది ఉత్తరానికి పారుతుంది. బొమ్మలో నీళ్లు ఏ చేతివైపు పోతున్నాయో చూసి, స్పీక్ ఏ గట్టున నిలబడ్డాడో అతని రాతతో కలపండి. పొసగకపోతే తిరగబడ్డట్టే.

నైలుదారి:
మీరెప్పుడూ ఇంతే. ఆఫ్రికా యాత్రికుడు బార్త్ పుస్తకం బొమ్మలనీ చిత్రకారుడు బెర్నాట్జ్ తిరగగీశాడని నేను పెట్టినవన్నీ తీయించారు. 1954లో ఓవెన్ ఆనకట్టతో ఈ జలపాతం మునిగిపోయింది. వెళ్లి చూద్దామన్నా లేదు. ఈ బొమ్మా పోతే ఇంకేం మిగులుతుంది?

అచ్చుపెట్టె:
తీసేయమని నేనెక్కడన్నాను? మునగకముందు తీసిన ఫొటోలున్నాయి, రాళ్ల వరసను వాటితో పోల్చండి. "చూసి గీసినది" అన్న ముక్క వద్దన్నానంతే.

రేవుగట్టు:
గ్రాంటా స్పీకా అని ఇద్దరూ కొట్టుకుంటున్నారు. రిపన్ అంటే రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ అధ్యక్షుడు, తర్వాత మనకు వైస్రాయ్‌గా వచ్చినాయనే. అక్కడి గాండా జనం ఆ చోటును "రాళ్లు" అనేవారని స్పీకే రాశాడు. అక్కడ గాలమేసుకునేవాళ్లకు దాన్ని ఎవరూ కనిపెట్టి పెట్టక్కర్లేదు. ముందు వాళ్లు పిలిచే పేరు వేయండి.

నైలుదారి:
వేయండి, కాదనను. కానీ కళ్లారా చూసిన మనిషి నుంచి వచ్చిందని లేకపోతే చదివేవాళ్లు మొత్తం కల్పన అనుకుంటారు. నా బాధ అది.

అచ్చుపెట్టె:
అయితే ఇలా వేద్దాం: "రాళ్లు (రిపన్ జలపాతం). 1862లో స్పీక్ చూసిన చోటు. 1863 పుస్తకం కోసం లండన్‌లో చెక్కిన బ్లాకు." గ్రాంట్ పేరుకు మాత్రం ఒప్పుకోను.