ఆపరేషన్ అయ్యాక కుక్కకు మత్తు దిగేటప్పుడు మీరేం చూశారు?

కల్లూరు చిట్టి వాళ్లమ్మ (కర్నూలు):
నిన్న మా చిట్టికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. మా పుట్టింట్లో కుక్క గర్భసంచికి చీము పట్టి పోయింది, ఆ భయంతోనే. డాక్టరు గారు పక్కన నిలబడి చూడనిచ్చారు. ముందు రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దన్నారు. మత్తులో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుందట. మత్తు ఎక్కినా కళ్లు తెరిచే ఉన్నాయి, నాకు ప్రాణం పోయినంత పనైంది. రెప్ప పడదు కాబట్టి కళ్లు ఎండిపోకుండా ఆయింట్‌మెంట్ పూశారు. నాలుకకు క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూస్తూనే ఉన్నారు. కోత కంటే తర్వాతే ఎక్కువ టెన్షన్ పడ్డాను. ఒకటే వణుకు, ఏడ్చినట్టు మూలుగు. మీ కుక్కలకూ ఇలాగే అయిందా?

అనంతపురం రాజా నాన్న:
అయిందండీ. మే నెల ఎండలో దుప్పటి కప్పమంటే ఆశ్చర్యపోయాను. మత్తులో ఒళ్లు చల్లబడిపోతుందట. కుక్కకు మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. మన చేతికి గోరువెచ్చగా తగిలినంత మాత్రాన సరిపోయిందనుకోకండి, థర్మామీటరు పెట్టించండి.

ప్రొద్దుటూరు వెటర్నరీ స్టూడెంట్:
మూలుగు చాలాసార్లు మత్తు దిగేటప్పటి అయోమయమే అక్కా. కానీ ఆగకుండా మూలుగుతుంటే నొప్పి కావచ్చు, డాక్టరుకు చెప్పాలి. నేను మొదట చూసేది చిగుళ్లు. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగు రావాలి. చిగుళ్లు పాలిపోయి, పొట్ట ఉబ్బుతుంటే లోపల రక్తం కారుతుండొచ్చు. అర్ధరాత్రైనా ఫోన్ చేయండి. తల నిలబెట్టి బాగా తెలివిలోకి వచ్చేదాకా నీళ్లు కూడా వద్దు.

కడప నుంచి:
ఒక్క మాట, దయచేసి వినండి. మా బ్రూనో మూలుగుతుంటే చూడలేక, ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్ మాత్ర వేశాం. రక్తపు వాంతులు, నల్లటి విరేచనాలు. నాలుగు రోజులు సెలైన్ ఎక్కిస్తే బతికాడు. ఆ తప్పు నాది. మనం వేసుకునే నొప్పి మాత్రలు వాటికి విషం.

కల్లూరు చిట్టి వాళ్లమ్మ:
అందరికీ థ్యాంక్స్. చిగుళ్లు చూశాను, గులాబీగానే ఉన్నాయి. పొద్దున కాస్త పెరుగన్నం తిన్నది. కుట్లు పది రోజుల తర్వాత తీస్తారు. మెడకు కోన్ ఉంటే గోడలకు గుద్దుకుంటోంది, తీస్తే కుట్లు నాకుతోంది. అందుకే కోన్ తీయకుండా, రాత్రి దాని పక్కనే చాప వేసుకుని పడుకుంటున్నాను.