అప్‌డేట్: అలబామాను వదిలేసిన బ్రిటన్ లెయిర్డ్ నౌకలను ఎందుకు ఆపింది?

అమెరికా అంతర్యుద్ధంలో తటస్థంగా ఉన్న బ్రిటన్, విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కోసం కట్టిన అలబామా అనే యుద్ధనౌకను 1862లో వెళ్లనిచ్చి, మరుసటి ఏడాది దాన్ని కట్టిన లెయిర్డ్ సంస్థ నౌకా నిర్మాణ యార్డులోనే ఉన్న రెండు ఇనుప కవచ నౌకలను ఎందుకు పట్టుకుందని అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవి పట్టుకుని చదివాక చాలావరకు తేలింది.

1819 నాటి బ్రిటిష్ చట్టం పరాయి దేశాల యుద్ధానికి నౌకను సన్నద్ధం చేయడాన్ని నిషేధించింది. ఆయుధాలు లేకుండా ఖాళీ ఓడ కట్టి అమ్మితే తప్పు కాదన్న వాదన దాన్లోంచే పుట్టింది. అలబామా లివర్‌పూల్ నుంచి తుపాకీ ఒక్కటి లేకుండా బయల్దేరి, అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల దగ్గర ఫిరంగులు ఎక్కించుకుంది.

ఈ రెండు ఇనుప కవచ నౌకల సంగతి వేరు. ఫిరంగులు పెట్టే తిరిగే టరెట్లు (కవచపు గోపురాలు), ముందు భాగంలో శత్రు నౌకను పొడిచే ఇనుప కొమ్ము. కొమ్ము ఓడలో భాగమే కదా, దాన్ని తర్వాత ఎక్కించడానికి ఏముంది? నాకు అన్నిటికన్నా బలంగా తోచింది ఇదే. కొనుగోలుదారు ఈజిప్టు పాలకుడైన పాషా అని, మధ్యలో బ్రావే అనే ఫ్రెంచి సంస్థ ఉందని కాగితాలు చూపినా, వెనకున్నది దక్షిణాది ఏజెంటు బులక్.

ఈ నౌకలను వెళ్లనిస్తే అది యుద్ధమేనంటూ అమెరికా రాయబారి ఆడమ్స్ రాసిన లేఖ తేదీ 1863 సెప్టెంబరు 5. బ్రిటిష్ విదేశాంగ మంత్రి రస్సెల్ నౌకలను ఆపమన్నది 3న! లేఖకు భయపడి ఆపారన్న కథ నిలవదు.

చివరికి 1864లో బ్రిటిష్ నౌకాదళమే వాటిని కొని స్కార్పియన్, వైవెర్న్ అని పేరు పెట్టుకుంది. అలబామా తదితర నౌకలు చేసిన నష్టానికి 1872 నాటి జెనీవా మధ్యవర్తుల తీర్పు ప్రకారం బ్రిటన్ అమెరికాకు 1.55 కోట్ల డాలర్లు కట్టింది. అంతకుముందే, 1870 చట్టంతో, యుద్ధంలో ఉన్న దేశానికి అలాంటి నౌక కట్టడమే నేరమైంది.